రేవు మర్యాద

విశాఖపట్నం చరిత్ర రాసేవాళ్ళు ఎక్కువగా రెండు మజిలీల దగ్గర ఆగుతారు. ఒకటి రేవు. 1927లో పనులు మొదలయ్యాయి, 1933 అక్టోబర్ 7న ‘జలదుర్గ’ ఓడ లోపలికి వచ్చింది, అదే ఏడు డిసెంబర్ 19న వైస్రాయ్ విల్లింగ్డన్ లాంఛనంగా ప్రారంభోత్సవం చేశాడు. రెండోది ఉక్కు. 1966 నాటి ఉద్యమం, 1971లో శంకుస్థాపన, 1992లో కర్మాగారాన్ని జాతికి అంకితం చేయడం. ఈ రెండింటికీ ముందునుంచే ఉండి, రెండింటి తాకిడినీ తట్టుకుని, ఇప్పటికీ సాగుతున్న చరిత్ర ఇంకొకటి ఉంది. అది ఒడ్డున చేపల వేట చేసేవాళ్ళది. అందులో పడవల లెక్కలు, చేపల టన్నుల లెక్కలు నివేదికల్లో దొరుకుతాయి. ఒకే నీటి మీద ఆశ పెట్టుకున్న మనుషులు ఒకరితో ఒకరు ఎలా మసలుకున్నారన్నది మాత్రం ఏ పట్టికలోకీ ఎక్కదు. ఆలోచిస్తే ఆశ్చర్యపోవలసింది దానికే. పక్కవాడి వలలో పడ్డ చేప మళ్ళీ నా వలలో పడదు. అలాంటి చోట మనుషులు పొద్దస్తమానం కొట్టుకు చావాలి. అయినా తరాల తరబడి, ఎక్కువ రోజులు, కొట్టుకోకుండానే గడిపారు. వాళ్ళు మంచివాళ్ళు కాబట్టి అని సరిపెట్టుకోవడం తేలిక. కానీ ఆ స్నేహం గాలిలో నిలబడలేదు. దాని కింద మూడు గుంజలుండేవి: వంతు, వాటా, అందరి కళ్ళెదుట జరగడం. మూడూ ఉన్నంతకాలం మర్యాద నిలిచింది. ఏ ఒక్కటి కదిలినా, మనుషులు వాళ్ళే అయినా, మర్యాద చెదిరింది.

మూడింటినీ ఒక్కచోట చూడాలంటే పెద్దవల వేట చూడాలి. దీన్నే అలివి వల అనీ అంటారు. ఆర్కే బీచ్‌కి పొద్దున్నే నడకకు వచ్చేవాళ్ళకు కూడా అప్పుడప్పుడూ కంటబడే వేటే ఇది. తాడు ఒక కొసను ఒడ్డున ఉన్నవాళ్ళ చేతికిచ్చి నావ సముద్రంలోకి పోతుంది. వలను అర్ధచంద్రాకారంలో విడుచుకుంటూ తిరిగి, రెండో తాడును కొంత దూరంలో ఒడ్డుకు చేరుస్తుంది. ఇక అక్కణ్ణుంచి రెండు తాళ్ళు, రెండు జట్లు. ఒక జట్టు తొందరపడి లాగిందంటే వల వంకరపోతుంది, చేప పక్కనుంచి జారిపోతుంది. అందుకే ఒకే ఊపు మీద, కేకలు కలుపుకుంటూ, మడమలు ఇసుకలో తన్నిపెట్టి లాగుతారు. వల దగ్గరపడేకొద్దీ రెండు జట్లూ ఒకదానివైపు ఒకటి జరుగుతాయి. చివరికి వలసంచి ఇసుక మీదికి వచ్చేసరికి నెత్తళ్ళు, కవ్వళ్ళు, సావిళ్ళు మిలమిలా ఎగిరెగిరి అందరి కాళ్ళ దగ్గరే పడతాయి. ఒక వల నీళ్ళలో ఉండగా అదే చోట ఇంకొకడు వల వేస్తే రెండూ చిక్కుపడి ఇద్దరి కష్టమూ వృథా. కాబట్టి వెనక వచ్చినవాడు ఆగి తీరాలి. అది వంతు. వలకింత, నావకింత, తాడు పట్టిన చేతికింత అని పంచుకుంటారు. మధ్యలో వచ్చి ఓ చెయ్యి వేసిన ముసలాయనకైనా, కుర్రాడికైనా గుప్పెడు చేపలు దక్కుతాయి. అది వాటా. ఎంత పడిందో, ఎవరెంత పట్టుకెళ్ళారో దాచడానికి ఇసుక మీద చాటంటూ లేదు. వంతునూ వాటానూ కాపాడేది ఆ బట్టబయలే.

పాతకాలం మీద మమకారం కొద్దీ ఇదంతా అందంగా అల్లుతున్నారని ఎవరైనా అనవచ్చు. జాలరిపేటల్లో తగాదాలు లేవా, ఒకరి వల ఒకరు కోసుకోలేదా అని అడగవచ్చు. తగాదాలు లేకపోతే తగవు తీర్చే పెద్దలతో పని ఏముంది? 1909లో అచ్చయిన ఎడ్గార్ థర్‌స్టన్ కులాల గ్రంథం చేపలు పట్టే వాడవాళ్ళ గురించీ, జాలరుల గురించీ రాస్తూ వాళ్ళలో కులరాజు, పిల్ల అనే పెద్దలు ఉంటారని చెబుతుంది. వేటకు పోయే చిన్న పల్లెకు కూడా ఇలాంటి ఏర్పాటు ఉందంటే, అక్కడ మాటా మాటా పెరగడం మామూలేనని అర్థం. అయితే దీని నుంచి స్నేహం అబద్ధమన్న ముగింపు రాదు. తగవు ఏ ఇంటి ముందు మొదలైందో అందరికీ తెలుసు, ఎవరి దగ్గరకు వెళ్ళాలో తెలుసు, తీర్పు చెప్పేవాడు కూడా రేపు అదే ఒడ్డున అదే తాడు పట్టాలి. తగాదా పడ్డవాళ్ళు మర్నాడు మళ్ళీ ఒకే నావ ఎక్కగలిగే వీలు అలా దొరికింది. స్నేహమంటే తగవే పుట్టకపోవడం అనుకుంటే ప్రపంచంలో ఏ రేవులోనూ స్నేహం దొరకదు. తగవు ఎంత దూరం పోతుందన్నదే ఇక్కడ కొలత.

ఒడ్డున అందరి కళ్ళూ ఉంటాయి సరే, నాలుగు మైళ్ళు లోపలికి పోయాక చూసేదెవరు? తెప్ప మీద ఇద్దరో ముగ్గురో ఉంటారు, చీకటి ఉంటుంది, పక్కవాడు వేసిపోయిన వల ఉంటుంది. ఈ ప్రశ్నకు జాలరులు చెప్పుకున్న జవాబు అమ్మవారు. విశాఖ జాలరుల మధ్య ఉండి పరిశోధన చేసిన అమెరికన్ మానవశాస్త్రవేత్త చార్లెస్ నకల్స్ 1996లో ఒక పుస్తకం ప్రచురించాడు. వలలో చేప పడకపోయినా, ఇంట్లో జబ్బు చేసినా జాలరులు ప్రశ్న చూసే దాసుణ్ణి పిలిపించి కారణం అడిగించేవారని, ఆ విచారణ తరచు అన్నదమ్ముల కలహం దగ్గరికో, అమ్మవారికి చేయవలసింది చేయకపోవడం దగ్గరికో వెళ్ళి ఆగేదని అతని రచనల్లో కనబడుతుంది. దీన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయడం సులభమే. కానీ అది చేసిన పని చూడాలి. వేట పడకపోవడానికి నీ ఇంటి పోరే కారణమని నమ్మేవాడు, పోరు తెగేదాకా లాగడు. రాజీకి ముందు ఎవరు తగ్గాలన్న బెట్టు కూడా అమ్మవారి పేరు మీద దిగిపోతుంది. ఎవరూ ఓడిపోయినట్టు కాదు, అమ్మవారి మాట విన్నట్టు. మనుషుల కళ్ళు చేరని చోట ఒక కన్ను ఉందని ఒప్పుకోవడంతో ఒడ్డున ఉన్న కట్టుబాటు నీళ్ళలోకి కూడా సాగింది.

ఈ వాదనకు ఇంకా గట్టి అభ్యంతరం ఒకటి ఉంది. ఈ మర్యాదంతా ఒక కులం లోపల, ఒక పేట లోపల, చుట్టరికాల లోపల నడిచిందే కదా. అందులోనూ మగవాళ్ళ మధ్యే కదా. పరాయివాడికి అక్కడ చోటేది? ఈ మాటలో నిజం ఉంది. ఆడవాళ్ళు నావ ఎక్కలేదు. చేప ఒడ్డుకు చేరాక ఎండబెట్టడం, గంపలకెత్తడం, ఊళ్ళో అమ్మి డబ్బు చేయడం వాళ్ళ మీదే ఆధారపడినా, వేట మీద మాట మగవాళ్ళదే. పేట మారితే చూపు కూడా మారింది. అయితే ఆ గిరి బయటికి మర్యాద చాచుకున్న సందర్భాలూ ఉన్నాయి, అవి ఎక్కడ కనబడతాయో గమనించాలి. పాత రేవు ముఖద్వారం పక్కన మూడు కొండలు వరసగా ఉంటాయి. ఒకదాని మీద వేంకటేశ్వరుడి గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద చర్చి. బంగాళాఖాతం గాలీ వానా ఆ దర్గాలోని ఇషాక్ మదీనా మాట వింటాయని నమ్మేవారట. రేవుకు వచ్చీపోయే ఓడలు ఆయనకు జెండా మూడుసార్లు దించి ఎత్తి సలాము చేసేవని, ప్రయాణం బాగా జరిగితే హిందూ ఓడ యజమానులు వెండి నావలు సమర్పించేవారని 1907 నాటి జిల్లా గెజిటీర్ రాసింది. భయం ఉమ్మడి అయినచోట మర్యాద కులాన్నీ మతాన్నీ దాటింది. నడిసముద్రంలో మర చెడిపోయి, చెయ్యెత్తి గుడ్డ ఊపుతున్న పడవది ఏ పేటో అడిగి సాయం చేయరు. ఇవాళ వాడు, రేపు నేను. గిరిని పెద్దది చేసింది ఉపదేశం కాదు, అందరికీ సమానంగా పొంచి ఉన్న ప్రమాదం.

మూడు గుంజల మాట విశాఖకే పరిమితమా అని తెలుసుకోవడానికి రెండు పరాయి తీరాలు పనికొస్తాయి. అర్థశాస్త్రంలో 2009లో నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ తన 1990 నాటి పుస్తకంలో రెంటినీ పక్కపక్కన పెట్టింది. టర్కీలోని అలాన్యాలో మంచి వేటచోట్ల కోసం కొట్లాటలు ముదిరాక, 1970ల తొలి ఏళ్ళలో వేటగాళ్ళే ఒక పద్ధతి కనిపెట్టుకున్నారు. వలలు ఒకదానికొకటి అడ్డు రాకుండా వేటచోట్లన్నిటికీ పేర్లు పెట్టి జాబితా రాశారు. సెప్టెంబర్‌లో చీట్లు వేసి ఎవరు ఎక్కడ మొదలుపెట్టాలో తేల్చుకుంటారు. జనవరి దాకా రోజుకొక చోటు చొప్పున తూర్పుకు, ఆ తర్వాత మే దాకా పడమరకు జరుగుతారు. మంచి చోటు అందరికీ వస్తుంది, చెడ్డ చోటూ అందరికీ వస్తుంది. తన వంతు రోజున మంచి చోటులో ఇంకొకడు కనబడితే గొడవ పడేది ఆ రోజు హక్కుదారుడే కాబట్టి కాపలాకు వేరే మనిషి అక్కర్లేదు. రెండో తీరం శ్రీలంకలోని మావెల్లె. అక్కడి వేటా మన పెద్దవలే, అక్కడా వంతులున్నాయి. అయినా చెడింది. వలల సంఖ్య మీద అదుపు లేక, కొత్త వలలు చేరుతూ పోయి, ఒక్కొక్క వలకు మంచి వంతు రావడమే అరుదైపోయింది. వలలు ఎక్కువయ్యాయని అందరికీ తెలుసు, ఆపగలిగినవాడు లేడు. దీన్నిబట్టి వంతు ఒక్కటే చాలదని తెలుస్తుంది. వంతులో ఎంతమంది నిలబడవచ్చో కూడా తేలాలి.

విశాఖలో ఈ లెక్కను మొదట తారుమారు చేసింది రేవు. ప్రవేశమార్గం ఇసుకతో పూడిపోకుండా రెండు పాత ఓడలను రాళ్ళతో నింపి ముంచి అడ్డుగోడ చేశారు. తీరం వెంట ఉత్తరానికి నడిచే ఇసుక దక్షిణాన ఆగడంతో ఉత్తరపు ఒడ్డు కోతకు గురైంది, తవ్వి తీసిన ఇసుకను మళ్ళీ బీచ్‌లో పోయవలసి వచ్చింది. పెద్దవలకు కావలసింది పొడుగాటి ఇసుక ఒడ్డు. ఒడ్డు కురచబడితే వంతులు ఇరుకవుతాయి. ఉక్కు కర్మాగారం పక్కన గంగవరం, దిబ్బపాలెం జాలరులకు ఈ కథ ఇంకో విధంగా వచ్చింది: 2009లో ప్రారంభమైన గంగవరం పోర్టు కింద వాళ్ళ ఒడ్డే పోయింది. రెండో మార్పు పడవలది. తెప్ప, నావ ఉన్నచోటికి 1970ల నుంచి ఫిషింగ్ హార్బర్, సోనా బోట్ల లాంటి మరపడవలు, ఆ తర్వాత ఫైబర్ బోట్లు వచ్చాయి. ఇసుక మీద పంచుకున్న వాటా ఇప్పుడు డీజిలు, ఐసు, తిండి ఖర్చు పోగా మిగిలిన దానిలో యజమానికింత, కలాసీలకింత అని కాగితం మీదికి ఎక్కింది. వేలంపాట మాత్రం బహిరంగంగానే మిగిలింది. తెల్లవారకముందే జెట్టీ మీద చేపలు కుప్పలు పోస్తారు, చుట్టూ మూగిన ఆడవాళ్ళ మధ్య పాట పెరుగుతుంది, ధర అందరి చెవినా పడుతుంది.

హార్బర్ కొత్త మర్యాదలను కూడా పుట్టించింది, వాటిని చూడకుండా అంతా పోయిందనడం అన్యాయం. జెట్టీ చోటు తక్కువ, బోట్లు ఎక్కువ. అందుకని ఒకదాని పక్కన ఒకటి వరసగా కట్టేస్తారు. బయటి వరసలో ఉన్నవాడు గట్టెక్కాలంటే లోపలి బోట్ల మీదుగానే నడవాలి, ఐసూ వలలూ చేపల బుట్టలూ అలాగే మోయాలి. పరాయి బోటు మీద కాలు పెట్టే హక్కును ఎవరూ కాగితం మీద రాయలేదు, అయినా అది లేకుండా హార్బర్ ఒక్క పూట నడవదు. ఆ ఆనుకుని ఉండడంలోనే ప్రమాదమూ ఉంది. 2023 నవంబర్ 19 రాత్రి మంటలు లేచినప్పుడు ఒకదాని నుంచి ఒకదానికి పాకి దాదాపు 40 బోట్లు దెబ్బతిన్నాయి. దారి సంగతిలో చట్టం కూడా మర్యాదనే అక్షరాల్లో పెట్టింది. 1972 నాటి అంతర్జాతీయ నౌకాయాన నిబంధనల్లో 18వది, మరతో నడిచే ఓడ వేటలో ఉన్న పడవకు తప్పుకోవాలంటుంది. 9వది, ఇరుకు కాలువలో వేటపడవ ఓడ దారికి అడ్డం పడకూడదంటుంది. విశాల సముద్రంలో పెద్దది చిన్నదానికి తగ్గాలి, కాలువలో చిన్నది పెద్దదానికి తగ్గాలి. ఎవరు సులువుగా తప్పుకోగలరో వాళ్ళే తప్పుకోవాలన్న ఈ సూత్రం జాలరికి కొత్తది కాదు.

చట్టం ఉండగా ఇక కట్టుబాట్లెందుకని కొందరు వాదిస్తారు. రింగు వలల గొడవ దీనికి జవాబు. రాష్ట్రంలో 1994 సముద్ర చేపలవేట నియంత్రణ చట్టం వచ్చింది. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల దాకా సంప్రదాయ వేటకు, ఆ పైన మరపడవలకు అన్న గీత ఆ చట్టం కింద గీసిందే. రింగు వల కవ్వళ్ళ, కానాగడతల గుంపును చుట్టుముట్టి అడుగు బిగించి మొత్తం గుంపునే లేపుతుంది. ఒక్క చుట్టుతో టన్నులు వస్తాయి, దాని మీద పెట్టిన అప్పు తీరాలంటే టన్నులే రావాలి. చిన్న వలతో వెళ్ళినవాడికి ఆ పూట మిగిలేది ఖాళీ నీళ్ళు. 2022 జనవరి మొదటి వారంలో పెద జాలరిపేట, వాసవానిపాలెం వైపు వేటగాళ్ళ మధ్య ఇది భగ్గుమంది. బోట్లు తగలబడ్డాయి, 144 సెక్షన్ పెట్టారు, మంత్రులు చర్చలకు కూర్చున్నారు. రెండు వైపులా ఉన్నది ఇరుగుపొరుగు పేటలవాళ్ళే. అదే సముద్రం, అదే అమ్మవారు. మంచితనమే మర్యాదకు మూలమైతే ఒక్కసారిగా అది ఎక్కడికి పోయింది? పోయింది గుంజలు. రింగు వలకు వంతు లేదు. దాని వాటాలో ఒడ్డున నిలబడ్డవాడికి గుప్పెడు చేపలు కూడా లేవు. 8 కిలోమీటర్ల గీత నీటి మీద కనబడదు, అది దాటారా లేదా అన్నది ఒడ్డునుంచి ఎవరూ చూడలేరు. చట్టం గీత గీయగలిగింది గాని సాక్షిని నిలబెట్టలేకపోయింది.

చట్టం గెలిచిన చోటును కూడా ఇదే వెలుగులో చూడవచ్చు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట బందు. కడుపుకు కష్టమైన నియమమే, అయినా 8 కిలోమీటర్ల గీత కన్నా ఇది మేలుగా అమలవుతుంది. కారణం పోలీసుల భయం ఒక్కటే కాదు. ఆ రోజుల్లో బోట్లన్నీ హార్బర్‌లో కట్టేసి ఉంటాయి. ఒక్కటి కదిలినా అందరికీ తెలుస్తుంది. ఆగడం అందరికీ ఒకేసారి వస్తుంది కాబట్టి ఒకడు ఆగి ఇంకొకడు లాభపడ్డాడన్న మంట ఉండదు. ఆగినవాడికి ప్రభుత్వం ఇచ్చే భృతి 2019 తర్వాత 10,000 రూపాయలు, 2025లో 20,000 రూపాయలు అయింది. ఖర్చులకు సరిపోతుందా అన్నది వేరే చర్చ. వంతు, వాటా, సాక్షి మూడూ కలిసినందువల్లే ఈ నియమం నిలబడిందన్నది మాత్రం స్పష్టం.

ఇక జీవనం కోసం కాక సరదా కోసం సాయంత్రాలు గేలం పట్టుకుని బీచ్ రాళ్ళ మీద నిలబడేవాళ్ళ సంగతి. వాళ్ళకు ఈ చరిత్రతో పనేమిటి, చేప పడకపోతే వాళ్ళింట పొయ్యి ఆరిపోదు కదా అనవచ్చు. పొయ్యి ఆరదు గాని చోటు మాత్రం అక్కడా తక్కువే. రెండు దారాలు మెలిపడితే ఇద్దరి పూటా పాడవుతుంది. పక్కవాడి గేలానికి పెద్ద చేప తగిలినప్పుడు మిగతావాళ్ళు తమ దారం చుట్టుకుని దారి ఇవ్వకపోతే ఆ చేప అందరి దారాలూ తెంపుకుపోతుంది. అక్కడ కులరాజు లేడు, అమ్మవారి తీర్పూ లేదు. వేల రూపాయల రాడ్డు పట్టుకున్నవాడూ, సీసాకు దారం చుట్టుకొచ్చిన పేట కుర్రాడూ పక్కపక్కనే నిలబడతారు. ముందు వచ్చినవాడి చోటు వాడిదన్న ఒక్క నియమం చాలావరకు పనిచేస్తుంది, అదీ ఒకరినొకరు చూసుకోగలిగే దూరంలో ఉన్నంతకాలమే. మనిషి ఎరువు తెచ్చుకున్న మంచితనంతో కాక, నిలబడే చోటు అమరికతో ఇక్కడ కూడా స్నేహం మొదలవుతుంది. అందుకే ఫిషింగ్ హార్బర్ ఆధునికీకరణ గురించి, బీచ్ సుందరీకరణ గురించి మాట్లాడేటప్పుడు సిమెంటు పొడుగు వెడల్పులతో లెక్క ముగించకూడదు. జెట్టీలో ఏ బోటు ఎప్పుడు గట్టుకు ఆనాలో తేల్చేది ఎవరు? రింగు వలలు ఎన్ని ఉండవచ్చో పేటలన్నీ కూర్చుని ఒప్పుకున్నాయా? గీత దాటినవాడు పక్క పేటవాళ్ళకు కనబడే ఏర్పాటు ఉందా? వీటికి జవాబులు వేటగాళ్ళే చెప్పుకునేలా చోటిస్తే, మర్యాదగా ఉండండని బోర్డులు పెట్టవలసిన పని ఉండదు. ఈ జవాబులు లేని రేవులో ఎంత మంచివాళ్ళనైనా శత్రువులుగా మార్చడానికి కవ్వళ్ళు గుంపుగా వచ్చే ఒక్క సీజను చాలు.